రెండో సన్యాసమ్మ

గుమ్మలపేట మండలంలో అసలు ఎంతమంది మనుషులున్నారన్న విషయంలో ప్రభుత్వానికి ఎప్పుడూ అనుమానమే. వేలిముద్రలు తీసి చూశారు. జీవితమంతా పార పట్టినవాళ్ళ వేళ్ళ మీద గీతలు మిగలక యంత్రం మొరాయించింది. కళ్ళు తీసి చూశారు, అంటే కళ్ళను ఫొటో తీసి చూశారు. శుక్లాలు అడ్డొచ్చాయి. సెల్‌ఫోన్లలో ఫొటోలు పంపమంటే ఒకే ముసలమ్మ నాలుగు ఊళ్ళ నుంచి నాలుగు రంగుల చీరల్లో నవ్వుతూ వచ్చింది. ఇక లాభం లేదని, వృద్ధాప్య పింఛను తీసుకునేవాళ్ళలో అసలెవరో నకిలీ ఎవరో తేల్చడానికి ఒక ప్రత్యేకాధికారిని వేశారు. ఆయన పేరు విరూపాక్షరావు.

ఆయన ఊళ్ళో దిగిన రోజే గవర్రాజు నోరు జారాడు.

గవర్రాజుకి బజారు వీధిలో ఫొటో స్టూడియో ఉంది. కూడు పెట్టేది డిజిటల్ కెమెరా. పాస్‌పోర్టు ఫొటోలు, స్కూలు గుర్తింపు కార్డులు, అప్పుడప్పుడు ఓ సమర్తాడిన పిల్ల, అన్నీ దాంతోనే. కానీ అతని ప్రాణం గాజు బీరువాలో ఉన్న పాత ఫిల్ము కెమెరా మీద ఉండేది. దాన్ని రేంజ్‌ఫైండర్ అంటారు. ఎవరైనా ఫొటోకి వచ్చి స్టూలు మీద కూర్చుంటే చాలు, వెనకాల తెల్లగుడ్డ సరిచేసే లోపే గవర్రాజు మొదలుపెట్టేవాడు.

"దీంట్లో చూసే కిటికీ వేరండి, బొమ్మ పట్టే లెన్సు వేరు. కిటికీలోంచి చూస్తే ముందు మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు చుట్టూ చక్రం ఉంది చూశారా, దాన్ని మెల్లగా తిప్పుతూ ఉంటే ఇద్దరూ దగ్గరికి జరుగుతారు. ఒకరి మీదికి ఒకరు వచ్చి ఒక్కరైపోతారు. అక్కడ ఆపాలి. ఇంకొంచెం తిప్పామా, మళ్ళీ విడిపోతారు. మిగతా కెమెరాల్లో మీట నొక్కగానే లోపల అద్దం లేచి మన కన్ను మూసేస్తుంది. ఏ క్షణాన్ని పడుతున్నామో ఆ క్షణమే మనకి కనబడదు. దీంట్లో అలా కాదండి. నొక్కేటప్పుడు కూడా మనిషి ఎదురుగానే ఉంటాడు. ఇహ లెన్సంటారా, ముఖాన్ని సాగదీయదు, ఉబ్బించదు. దగ్గరగా చూడాలంటే మన కాళ్ళతో మనమే దగ్గరికి వెళ్ళాలి."

"పెళ్ళిళ్ళలో కూడా ఇదే పురాణం," అనేది గుమ్మంలో కూర్చున్న సన్యాసమ్మ. "తాళి కట్టేసేరు, తలంబ్రాలు అయిపోయేయి, అప్పగింతలు ఏడిచేసేరు. ఈడింకా సక్రం తిప్పుతున్నాడు."

సన్యాసమ్మ గవర్రాజుకి అక్క. మరదలు వరహాలు పోయాక తమ్ముడికి ఇంత ఉడకేసి పెట్టడానికి వచ్చి ఉండిపోయింది. వరహాలు పోయి ఏడాది దాటింది. ఆమె పోవడానికి వారం ముందే గవర్రాజు ఆ పాత కెమెరాలో కొత్త ఫిల్ము రోలు ఎక్కించి, మొదటి బొమ్మగా ఆమెనే తీశాడు. ఆ తర్వాత మీట నొక్కలేదు. రోలు మందులో కడిగి బొమ్మ తేల్చనూ లేదు. ఎందుకు కడగలేదని ఎవరైనా అడిగితే, "ఒక్క బొమ్మే కదండీ, రోలు అవ్వనివ్వండి," అనేవాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళకి కెమెరా గురించి చెప్పి, కాఫీ ఇచ్చి పంపించేశాడు. భార్య చనిపోయిందన్న మాట అతని నోటి నుంచి ఇంతవరకూ ఎవరూ వినలేదు.

విరూపాక్షరావు గారు తన గుర్తింపు కార్డుకి ఫొటో దిగడానికి ఆ స్టూడియోకే వచ్చారు. గవర్రాజు తెల్లగుడ్డ సరిచేస్తూ పురాణం విప్పాడు. అధికారి సగం విని చెయ్యెత్తారు.

"ఇది అబద్ధం చెప్పదా?"

"చచ్చినా చెప్పదండి. ఇద్దరుంటే ఇద్దరుగానే చూపిస్తుంది."

"ఏదీ, ఇలా ఇవ్వండి."

ఆయన కెమెరా కంటికి పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, గుమ్మంలో చింతపండు గింజలు తీస్తున్న సన్యాసమ్మ దగ్గర ఆపారు. చాలాసేపు ఊపిరి బిగబట్టి చూశారు.

"ఏమ్మా, మీరు పింఛను తీసుకుంటున్నారా?"

"తీసుకుంటన్నాను బాబూ."

"ఎంతమంది?"

"ఎంతమందేటి? నేనొక్కదాన్నే."

అధికారి కెమెరా దించి మామూలు కంటితో చూశారు. మళ్ళీ కెమెరాతో చూశారు. ముఖంలో ఒక వెలుగు వచ్చింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆ వెలుగు కోసమే ఆయన ఎదురుచూస్తున్నట్టు ఉంది.

"ఇద్దరున్నారు," అన్నారు.

గవర్రాజు నవ్వాడు. "చక్రం తిప్పండి సార్, ఒక్కరైపోతారు."

"అదే నేననేది. తిప్పితే ఒక్కరైపోతారు. అంటే ఇద్దరిని ఒక్కరుగా చూపించే సదుపాయం మీ చేతిలో ఉంది. ఇన్నాళ్ళుగా ఈ మండలంలో జరుగుతున్నది ఇదేనన్నమాట."

"అది కాదండి, ఫోకసు..."

"మీకు తెలిసిన సాంకేతిక నామం మీరు వాడండి. మేము దీన్ని దుర్వినియోగం అంటాం."

సాయంత్రానికి ఆయన ఆఫీసు సూపరింటెండెంటు మంగతాయారు పంచనామా కాగితాలతో వచ్చింది. కెమెరాని ప్రజాప్రయోజనం దృష్ట్యా స్వాధీనం చేసుకుంటున్నట్టు చదివి వినిపించింది.

"తీసుకెళ్ళండి మేడమ్, కాదన్ను. లోపల ఒక రోలు ఉంది. చీకటి గదిలో పెట్టి అది మాత్రం తీసుకుంటాను."

"ఉన్నది ఉన్నట్టుగా అని రాసి ఉందండి. లోపలున్నది తీస్తే సాక్ష్యాన్ని తారుమారు చేసినట్టు."

"వెనక తలుపు తెరిస్తే చాలు మేడమ్, వెలుగు తగిలి బొమ్మ పోతుంది."

"అందుకే మీరు తెరవకూడదు," అంది మంగతాయారు.

ఆ మాట గవర్రాజుకి కొంచెం ధైర్యం ఇచ్చింది. ఎవరూ తెరవకుండా ఉంటే చాలు.

మర్నాడు ద్విబింబ నిర్ధారణ పథకం ప్రారంభమైంది. ఉత్తర్వు చాలా శ్రద్ధగా రాశారు. చక్రాన్ని ఎవరూ తిప్పకుండా ఒకచోట లక్కతో సీలు వేయాలి. లెన్సు ఇప్పుడు ప్రభుత్వ ఆస్తి కనుక దుమ్ము పడకుండా మూత పెట్టి, మూతకి కూడా సీలు వేయాలి. ఫిల్ము కొనడానికి నిధులు లేనందున లోపలున్న రోలునే పొదుపుగా వాడుతూ ఊరికొక బొమ్మ చొప్పున తీయాలి. స్టూడియో యజమాని సాంకేతిక సాక్షిగా హాజరవ్వాలి, మాట్లాడకూడదు.

మార్కెట్ యార్డులో షామియానా వేశారు. ముసలివాళ్ళందరూ వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరు స్టూలు మీద కూర్చోవడం, విరూపాక్షరావు గారు కెమెరా కంటికి పెట్టుకోవడం, "ఇద్దరు," అనడం, మంగతాయారు రాసుకోవడం. చక్రం కదలదు గనక ఎవరు కూర్చున్నా ఇద్దరే. ఊరి ముసలివాళ్ళంతా అయ్యాక అందరినీ ఒకచోట నిలబెట్టి మీట నొక్కారు.

గవర్రాజు అప్పుడు చూశాడు, లెన్సు మీద మూత ఉంది. చూసే కిటికీ వేరు గనక చూసేవాడికి ఆ సంగతి తెలియదు. ఈ రకం కెమెరా కొన్నవాడు ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు చేసే పొరపాటే. గవర్రాజు కూడా చేశాడు, ఒక పెళ్ళిలో, పెళ్ళివారు ఏడాదిపాటు అతనితో మాట్లాడలేదు. చెబుదామని నోరు తెరిచాడు. చెబితే సీళ్ళు విప్పుతారు. సీళ్ళు విప్పితే అసలు లోపల ఏం జరిగిందో చూద్దాం అంటారు. చూడాలంటే వెనక తలుపు తెరుస్తారు. అతను నోరు మూసుకున్నాడు. మూత ఉంటే ఏ బొమ్మా పడదు, ఎవరికీ నష్టం లేదు అనుకున్నాడు.

మధ్యాహ్నానికి గుమ్మలపేట జనాభా రెండింతలైంది. పెదపేటలో ఒక్క మనిషీ ఒంటరిగా దొరకలేదు. చీపురుపల్లి వీధిలో, ఇరవై ఏళ్ళుగా గదిలోంచి బయటికి రాని ఒక ముసలాయన్ని మంచంతో సహా మోసుకొస్తే, ఆయనా ఇద్దరే.

"ఇంతకాలం ఎలా దాచారండీ?" అని అధికారి ఆశ్చర్యపోయారు.

"నాకే తెలీదు బాబూ," అన్నాడు ముసలాయన. "తెలిస్తే ఆడితో పేకాడుకుందును కదా."

అసలెవరో తేలేదాకా ఇద్దరికీ పింఛను నిలుపుదల చేస్తున్నట్టు మైకులో చెప్పారు. జనం గొణుక్కున్నారు. సన్యాసమ్మ మాత్రం షామియానా కింద టీ పోస్తున్నచోటికి పోయి రెండో గ్లాసు పట్టుకుంది.

"ఒకటి ఇచ్చేం కదమ్మా," అన్నాడు టీ పోసేవాడు.

"అది నాకు. ఇది రెండోదానికి. మీరే కదా ఉందన్నారు."

విషయం అధికారి దాకా వెళ్ళింది. ఆయన కాసేపు ఆలోచించి, ఉనికి నిర్ధారణ అయినవారికి టీ నిరాకరించడం న్యాయస్థానంలో నిలబడదని చెప్పి ఇప్పించారు. ఆ రోజు నుంచి సన్యాసమ్మ రెండో సన్యాసమ్మని పూర్తిగా వాడుకుంది. కూరలో ఉప్పెక్కువైతే రెండోది వేసిందనేది. బస్సులో పక్క సీటు మీద చెయ్యివేసి, "మనిషొస్తది," అనేది. గవర్రాజు ముభావంగా కూర్చుంటే, "నాతో మాటాడకపోతే పోనీ, దాంతో మాటాడరా, అది మంచిది," అనేది.

చిక్కు ఆఫీసులో వచ్చింది. మంగతాయారు బుద్ధిమంతురాలు. పది ఊళ్ళు అయ్యాక ఆమెకో అనుమానం కలిగింది.

"సార్, స్టూలు మీద ఇద్దరు కూర్చుంటున్నారు. లేచి వెళ్ళేది ఒక్కరే. రెండోవారు ఎటు వెళ్తున్నారు?"

విరూపాక్షరావు గారు కుర్చీలోంచి మెల్లగా లేచారు. బల్ల మీదున్న కెమెరా వైపు చూశారు.

"బయటికి వెళ్ళట్లేదంటే," అన్నారు, "లోపలికే వెళ్తున్నారు."

"మరి తెరిచి చూడమంటారా సార్?"

"తెరవండి."

సాంకేతిక సాక్షిగా బల్ల పక్కన నిలబడ్డ గవర్రాజు ఒక అడుగు ముందుకేశాడు. మంగతాయారు అప్పటికే వెనక తలుపు గడియ ఎక్కడుందో వేలితో తడుముతోంది. అప్పటిదాకా గవర్రాజు ఆ కెమెరా గురించి ఒక్క అబద్ధం ఆడలేదు. ఇప్పుడు ఆడాడు.

"తెరిచెయ్యకండి సార్. అందరూ ఒక్కసారి బయటపడిపోతారు."

మంగతాయారు చెయ్యి ఆగిపోయింది.

"ఎంతమంది?" అన్నారు అధికారి.

"మీరు ఎంతమందిని చూశారో అంతమంది."

"ఈ గదిలోకా?"

"ఎక్కడ తెరిస్తే అక్కడికండి. అంతా ముసలివాళ్ళు. ఇన్నాళ్ళు ముడుచుక్కూర్చుని ఉన్నారేమో, కోపంగా కూడా ఉంటారు."

అధికారి గదిని ఓసారి చూశారు. రెండు కుర్చీలు, ఒక బీరువా, కిటికీకి ఊచలు. తొక్కిసలాట జరిగితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఆయన కళ్ళలో స్పష్టంగా కనబడింది. తగిన వసతి, తాగునీరు, వైద్య శిబిరం ఏర్పాటయ్యేదాకా కెమెరాని తెరవరాదని అప్పటికప్పుడు ఉత్తర్వు రాయించారు. కెమెరాని ఇనప్పెట్టెలో పెట్టి, దాలినాయుడనే కానిస్టేబుల్ని కాపలా వేశారు.

దాలినాయుడు మెత్తని మనిషి. రెండో పూటకే లోపల నుంచి దగ్గు వినిపిస్తోందని రిపోర్టు రాశాడు. పెట్టెని ఎండలో నుంచి నీడలోకి జరిపాడు. పొద్దున్నే వచ్చి, "అందరూ బాగున్నారా తాతా?" అని పలకరించేవాడు. ఈ సంగతి తెలిసి జనం రావడం మొదలుపెట్టారు. ఒకావిడ తన రెండోదానికి మోకాళ్ళ నొప్పి తైలం తెచ్చింది. ఒక రైతు వచ్చి పెట్టె దగ్గర గొంతు తగ్గించి, "ఒరే, గట్టు తగువులో మా తమ్ముడి పక్క సాక్ష్యం చెప్పేవంటే నేను మనిషిని కాను," అని హెచ్చరించి పోయాడు. రెండోవాళ్ళకి ఓటు హక్కు ఉంటుందా అని రెండు పార్టీల వాళ్ళూ విడివిడిగా అడిగారు. ఉంటే మాత్రం వాళ్ళు మనవాళ్ళేనని ఇద్దరూ విడివిడిగా చెప్పారు.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, పింఛన్లు ఆగకపోతే. మందులు కొనుక్కోలేని ముసలివాళ్ళు స్టూడియో ముందు నుంచి వెళ్తూ గవర్రాజు వైపు చూసేవాళ్ళు. అతను గాజు బీరువా తుడిచేవాడు. అందులో ఏమీ లేదు.

అంతలో పై కార్యాలయం నుంచి తాఖీదు వచ్చింది. పథకం అద్భుతమనీ, బొమ్మలతో సహా నివేదిక పంపితే రాష్ట్రమంతా అమలు చేస్తామనీ. బొమ్మలు కావాలంటే రోలు కడగాలి. కడగడం వచ్చినవాడు మండలం మొత్తానికి గవర్రాజు ఒక్కడే.

విరూపాక్షరావు గారు మందీ మార్బలంతో స్టూడియోకి వచ్చారు. వెనక చీకటి గది గుమ్మంలో దాలినాయుణ్ణి నిలబెట్టారు. వీధి చివర అంబులెన్సు పెట్టారు. మందుల ఘాటుకి తాళలేక రెండోవాళ్ళు పరుగెత్తుకొస్తే పట్టుకోవడానికి మత్స్యశాఖ నుంచి వలలు తెప్పించారు.

గవర్రాజు లోపలికెళ్ళి గడియ పెట్టుకున్నాడు. దీపం ఆర్పాడు. ఏడాదిగా చెయ్యని పని. కానీ చీకట్లో చేతులకి అన్నీ తెలుసు. కెమెరా వెనక తలుపు తెరిచాడు.

"ఎవరైనా వస్తున్నారా?" బయట నుంచి అధికారి గొంతు.

"లేదండి."

"తలుపు కింద సందులోంచి?"

"లేదండి. కాసేపు మాట్లాడకండి."

ఫిల్ము డబ్బాలో మందు పోశాడు, ఊపాడు, పారబోశాడు, మళ్ళీ పోశాడు. నీళ్ళతో కడిగాడు. దీపం వేసి ఫిల్ముని చివర నుంచి విప్పుకుంటూ వచ్చాడు. ఖాళీ. ఖాళీ. గాజుముక్కలా తేటగా, ఒక్క గీత లేకుండా, ఊరి తర్వాత ఊరు. ఆఖరికి మొదటి గడి దగ్గరికి వచ్చాడు.

అక్కడ వరహాలు ఉంది. నల్లవి తెల్లగా, తెల్లవి నల్లగా, గోరంత మనిషి. జుట్టు తెల్లగా మెరుస్తోంది, ముఖం నల్లగా ఉంది. అయినా ఆమే.

అతను బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. ఫిల్ము తీసి అధికారికి ఇచ్చాడు. ఆయన కిటికీ దగ్గర వెలుగుకి పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు.

"చాలా పారదర్శకంగా ఉంది," అన్నారు ముందు మెచ్చుకోలుగా. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి. "ఎవరూ లేరు. అసలువారూ లేరు, రెండోవారూ లేరు. మండలం మొత్తం మీద ఉన్నది ఒక్కరే. ఎవరీమె?"

"మా ఆవిడండి. సార్, ఒక్కమాట. లెన్సుకి మూత ఉందండి. మూత తియ్యకుండా నొక్కారు. అందుకే ఎవరూ పడలేదు."

"మూత ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఉంది. ప్రభుత్వ ఉత్తర్వు వల్ల మనుషులు లేకుండా పోతారంటారా?"

"బొమ్మ పడదంటానండి."

"మరి ఈమెకి మూత అడ్డురాలేదే?"

"ఇది మీరు రాకముందు తీసింది."

"అయితే ఇంకా మంచిది. ప్రభుత్వం అడక్కముందే స్వచ్ఛందంగా తన ఉనికిని నిరూపించుకున్నారు. ఇప్పుడెక్కడున్నారు?"

గవర్రాజు నోరు తెరిచాడు. కెమెరా గురించైతే గంటసేపు చెప్పగలిగినవాడు, ఇది చెప్పలేకపోయాడు. మంగతాయారు అధికారి చెవి దగ్గర ఏదో గొణిగింది. మరణ ధ్రువీకరణ పత్రం పక్క గదిలో ఇచ్చినట్టు గుర్తు సార్ అని.

"పక్క గది వేరే శాఖ," అన్నారు విరూపాక్షరావు గారు. "వాళ్ళది కాగితం. మనది కెమెరా."

రెండు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. మండలంలో వృద్ధాప్య పింఛనుదారులుగా చెప్పుకుంటున్నవారు ఎవరూ లేరని తేలినందున అందరి పేర్లూ తొలగించడమైనది. నిజమైన లబ్ధిదారు శ్రీమతి వరహాలమ్మ ఒక్కరే. ఆమెని సోమవారం మార్కెట్ యార్డులో శాలువాతో సత్కరించి, మొదటి పింఛను అందజేస్తారు.

ఆ పూట ఇంటి ముందు జనం పోగయ్యారు. ఎవరూ అరవలేదు. వచ్చి అరుగు మీదా, మెట్ల మీదా, రోడ్డు మీదా కూర్చున్నారు, అంతే. గవర్రాజు లోపల గోడకి ఆనుకుని కూర్చున్నాడు. సన్యాసమ్మ అన్నం పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది.

"ఒరే, ఊరు ఊరంతా లేకుండా పోయింది. ఉన్నదల్లా అదొక్కత్తే అంట. నువ్వు సెప్పవేట్రా?"

"నువ్వు చెప్పక్కా. నీకూ తెలుసు కదా."

"నేనెలా సెప్తాను? కాయితం పెకారం నేను లేను. లేనిదాని మాట ఎవడింటాడు? రెండోదాన్నైనా పంపుదునంటే అదీ లేదంటన్నారు." ఆమె పళ్ళెం దగ్గరికి జరిపింది. "నీ నోటంట ఒక్కసారి అనేస్తే, ఆ ముసలోళ్ళ నోట్లోకి నాలుగు మెతుకులెళ్తాయి. నువ్వనకపోతే అది తిరిగొచ్చేస్తదేట్రా?"

గవర్రాజు అన్నం కలిపాడు. తినలేదు.

సోమవారం మార్కెట్ యార్డులో వేదిక కట్టారు. నడుమ ఖాళీ కుర్చీ, దాని మీద మడత విప్పని శాలువా. విరూపాక్షరావు గారు మైకు దగ్గరికి వచ్చారు.

"సోదర సోదరీమణులారా, మీరెవరూ లేరన్న సంగతి మీకు బాధ కలిగించవచ్చు. కానీ సత్యం చేదుగా ఉంటుంది. ఈ మండలంలో నిజాయతీగా ఉన్న ఒకే ఒక్కరిని గుర్తించడానికి మా శాఖకి ఇంతకాలం పట్టింది. శ్రీమతి వరహాలమ్మ గారిని వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాం."

జనం అందరూ ఒకేసారి గవర్రాజు వైపు తిరిగారు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మెట్లెక్కి, ఖాళీ కుర్చీ పక్కన నిలబడ్డాడు. మైకు అందకపోతే మంగతాయారు వంచి పట్టుకుంది.

"ఆవిడ చచ్చిపోయిందండి," అన్నాడు.

మైకులో ఆ మాట యార్డు అంతా తిరిగి వచ్చింది. తను అన్న మాట తనే వినడం అతనికి అదే మొదలు. చాలనిపించక మళ్ళీ అన్నాడు.

"మా వరహాలు చచ్చిపోయిందండి. ఏడాది దాటింది. నేను ఎవరితోనూ అనలేదు."

దాలినాయుడు టోపీ తీశాడు. విరూపాక్షరావు గారు మైకు మీద చెయ్యి మూసి, మామూలు మనిషి గొంతుతో, "ముందే చెప్పాల్సింది," అన్నారు.

"నోరు రాలేదు సార్."

అధికారి తల ఊపారు. ఒక్క నిమిషం ఆయన కూడా ఏదో పోగొట్టుకున్నవాడిలా కనిపించారు. కానీ అది ఎక్కువసేపు నిలవలేదు. కళ్ళు చిన్నవయ్యాయి, పెదవులు కదిలాయి, లోపల ఏవో లెక్కలు కూడుతున్నాయి. మెల్లగా ఆ పాత వెలుగు ముఖంలోకి వచ్చింది. చెయ్యి తీసి మైకు అందుకున్నారు.

"ఇప్పుడు అందిన తాజా సమాచారం ప్రకారం, బొమ్మలో కనబడిన ఒకే ఒక్క వ్యక్తి కీర్తిశేషులు. దీన్నిబట్టి ఈ కెమెరా మృతులను మాత్రమే చూపిస్తుందని శాస్త్రీయంగా రుజువైంది. కనుక," ఆయన మైకుని ఇంకా దగ్గరికి లాక్కున్నారు, "బొమ్మలో కనబడని మీరందరూ సజీవులే అని ఈ శాఖ సంతోషంగా ప్రకటిస్తోంది."

యార్డు దద్దరిల్లింది. ముసలివాళ్ళు ఒకరినొకరు తడిమి చూసుకున్నారు. మంచం మీద మోసుకొచ్చిన ముసలాయన, "ఏదీ, మళ్ళీ సెప్పమనండి," అన్నాడు. పింఛన్లు, ఆగినవాటితో సహా, ఆ వారమే ఇస్తామన్నారు.

"రెండోవాళ్ళు కూడా బొమ్మలో లేరు సార్," అని మంగతాయారు గుర్తుచేసింది. "అంటే వాళ్ళూ సజీవులేనా?"

"ఆ అంశం మీద ఉపసంఘం వేద్దాం."

ఇంతలో ఒక విలేకరి ముందుకొచ్చి, సార్ ఇటు చూడండి అని సెల్‌ఫోన్ ఎత్తాడు. విరూపాక్షరావు గారు చటుక్కున శాలువా లాక్కుని ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. వేదిక మీదున్న తక్కిన అధికారులూ తలో దిక్కూ వంగారు. బొమ్మలో పడితే ఏమవుతుందో రెండు నిమిషాల క్రితమే శాస్త్రీయంగా రుజువైంది మరి. విలేకరికి ఖాళీ కుర్చీ ఒక్కటే దొరికింది.

మర్నాడు గవర్రాజుని ఆఫీసుకి పిలిచారు. కెమెరా, ఫిల్ము బల్ల మీద ఉన్నాయి. మంగతాయారు కాగితం చదివింది.

"సదరు వరహాలమ్మ గారు సజీవులు కానందున ఈ కార్యాలయ పరిధిలోకి రారు. కాబట్టి సదరు వ్యక్తిని బంధువులకు అప్పగించడమైనది." తల ఎత్తి, మెల్లగా అంది. "ఇక్కడ సంతకం చెయ్యండి. ముట్టినట్టు."

గవర్రాజు సంతకం చేశాడు. ఫిల్ముని కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి ఉంచుకుని ఇంటికి నడిచాడు.

సన్యాసమ్మ గుమ్మంలోనే ఉంది. "తెచ్చేవా?"

"తెచ్చాను."

అతను చీకటి గదిలోకి వెళ్ళాడు. ఆమె కూడా వెనకే వచ్చి ఎర్ర దీపం కింద నిలబడింది. కాగితం మీద బొమ్మ పడనిచ్చి, మందు పళ్ళెంలో వేశాడు. తెల్ల కాగితం మీద ముందు కొప్పు వచ్చింది, తర్వాత కళ్ళు, తర్వాత నోరు.

సన్యాసమ్మ వంగి చూసింది. "నోరు తెరిచే ఉందేట్రా?"

"ఏదో అంటోంది."

"ఏటంటోంది?"

"అన్నం మాడిపోతోంది, ఇంక చాలు రండి, అంటోంది."

"మాడిందా?"

"మాడింది," అన్నాడు గవర్రాజు. "అదే తిన్నాం."